కాలు కుంటిదైనా బతుకు కుంటుపడలేదు

చారిత్రక నవలకు బాట వేసిన సర్ వాల్టర్ స్కాట్ 1771లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. ఏడాదిన్నర వయసులో ఒక రాత్రి ఆ పసివాడు పడుకోనని మారాం చేసి గదంతా పరుగులు తీశాడు. తెల్లారేసరికి జ్వరం! పళ్లు వస్తున్నాయి కాబోలనుకున్నారు. నాలుగో రోజు స్నానం చేయిస్తుంటే కుడికాలు చచ్చుబడిందని బయటపడింది.

అమ్మ తండ్రి డాక్టర్ రూథర్‌ఫర్డ్ వైద్యశాస్త్ర ఆచార్యుడు. ఆయనా, మరికొందరు వైద్యులూ పరీక్షిస్తే ఎముక తొలగలేదు, బెణుకూ లేదు. బొబ్బలు లేపే మందుపట్టీలు వేసినా ఫలితం శూన్యం. అది పోలియో అని ఈనాటి వైద్యుల అభిప్రాయం. వెన్నుపాములోని నరాల కణాలను దెబ్బతీసే ఆ వైరస్‌ను 1908లోగానీ గుర్తించలేదు.

తన విద్యకు హద్దు తెలిసిన ఆ వైద్యుడు, మనవణ్ణి పల్లెగాలికి పంపమన్నాడు. అలా నాన్న తండ్రి ఉండే శాండీనో వ్యవసాయ క్షేత్రానికి చేరాడు స్కాట్. అప్పుడే ఒలిచిన గొర్రెతోలు వెచ్చగా చుట్టి పాకించేవారు. గొర్రెలకాపరి కొండమీదికి మోసుకెళ్లి మంద మధ్య పడుకోబెట్టేవాడు. నాయనమ్మ, మేనత్త కథలు, పాటలు వినిపించేవారు. క్రమంగా వాడు నిలబడ్డాడు, నడిచాడు, పరుగెత్తాడు. అయినా కుంటితనం మాత్రం జీవితాంతం ఉండిపోయింది.

ఆ పల్లెలో విన్న కథలే తర్వాత ఆయన కావ్యాలకు, నవలలకు ఊపిరి పోశాయి. 1826లో, 54 ఏళ్ల వయసులో, భాగస్వామ్య వ్యాపారం కూలి సుమారు లక్షా ఇరవై వేల పౌండ్ల అప్పు మీద పడింది. దివాలా తీసి తప్పించుకోకుండా, రాసి తీరుస్తానని కూర్చున్నాడు. ఆరోగ్యం కరిగిపోయేదాకా రాశాడు. ఆయన 1832లో కన్నుమూశాక మిగిలిన బాకీ కూడా తీరింది. చివరి రోజుల్లో అల్లుడితో యోహాను సువార్త పద్నాలుగో అధ్యాయం చదివించుకుని ఆదరణ పొందాడు.

దాది చేతిలోంచి పడి కుంటివాడైన మెఫీబోషెతు రాజైన దావీదు బల్ల వద్ద నిత్యం భోజనం చేశాడు. కాళ్లు మాత్రం బాగుపడలేదని బైబిలు దాచకుండా చెబుతుంది. ప్రతి కాలూ బాగవుతుందని దేవుడు మాట ఇవ్వలేదు. తన బల్ల వద్ద చోటు మాత్రం ఇచ్చాడు.

అలాగని వైద్యాన్ని కాదనరాదు. బిడ్డ చెయ్యో కాలో ఉన్నట్టుండి వాలిపోతే పళ్లనీ, దిష్టి అనీ ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో ప్రార్థించండి. బాగుపడని బిడ్డ మీ సంఘంలో ఉంటే, ఆ కాపరిలా భుజాన మోయండి. అదీ పరిచర్యే!