గయలో గుడి కట్టించిన తల్లి – అహల్యాబాయి హోల్కర్



జీర్ణోద్ధరణ పూర్తి అయిన మన ఆలయంలో ప్రదక్షిణం చేసేటప్పుడు మీరొక విషయం గమనించే ఉంటారు. మెట్లమీద, మండప స్తంభాలమీద, వంటశాల గోడమీద, చివరకు గంట క్రింది చలువరాతి పలకమీద కూడ కీర్తిశేషుల పేర్లున్నాయి. తండ్రిగారి జ్ఞాపకార్థం ఒకరు, చెల్లెలి జ్ఞాపకార్థం మరొకరు, చేతికందిన కొడుకు జ్ఞాపకార్థం ఇంకొకరు. చందా వ్రాయించడానికి వచ్చిన ఒక వృద్ధురాలు రశీదు కొంగున ముడి వేసుకొంటూ, ఈ రాతిమీది పేరు ఆయనకు తెలుస్తుందా అని నన్ను అడిగింది. శాస్త్రం చెప్పినది చెప్పాను. వసు రుద్ర ఆదిత్య స్వరూపులైన పితృదేవతల ద్వారా, నామగోత్రాలు మార్గం చూపగా, మనమిచ్చినది పోయినవారు ఏ రూపంలో ఉంటే ఆ రూపానికి తగిన ఆహారమై చేరుతుందని వివరించాను. ఆమె తల ఊపింది గాని, మనసు కుదుటపడినట్లు కనబడలేదు. ఆనాడు ఆమెకు అహల్యాబాయి హోల్కర్ చరిత్ర చెప్పి ఉండవలసిందని తరువాత తోచింది. ఆ లోపం ఇక్కడ మీ ముందు తీర్చుకొంటున్నాను.

అహల్యాబాయి 1725 మే 31వ తేదీన మహారాష్ట్రలోని చౌండీ గ్రామంలో జన్మించింది. ఆ ఊరున్న అహ్మద్‌నగర్ జిల్లాకు 2024లో ఆమె పేరిటనే అహిల్యానగర్ అని నామకరణం చేశారు. తండ్రి మాణ్‌కోజీ షిందే ఆ ఊరి పాటిల్. గొర్రెల పెంపకం వృత్తిగా గల ధనగర్ కులంవారు. మాళవదేశాధిపతి మల్హారరావు హోల్కర్ ఆమెను చిన్ననాటనే తన ఏకైక పుత్రుడు ఖండేరావుకు చేసుకొని కోడలిగా తెచ్చుకొన్నాడు. ఒక కొడుకు, ఒక కూతురు కలిగారు. 1754లో కుంభేర్ కోట ముట్టడిలో ఫిరంగి గుండు తగిలి ఖండేరావు మరణించాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్ళు. సహగమనానికి సిద్ధపడిన కోడలి ఎదుట ఆ వృద్ధవీరుడు కన్నీరు పెట్టుకొని, ఇకమీదట నాకు కొడుకువైనా నీవేనని బతిమాలి ఆపాడని చెబుతారు. మామగారి మాటకు ఆమె చితి సంకల్పం మాని సంసారంలో నిలిచింది. లెక్కలు, దస్తావేజులు, సైన్యానికి కావలసిన సరంజామా, అన్నీ ఆయన వద్దనే నేర్చుకొన్నది.

1766లో మల్హారరావు కూడ పోయాడు. మనుమడు మాలేరావుకు అధికారం వచ్చింది. ఇక్కడ కొంచెం నిలబడి చెప్పవలసిన ఘట్టం ఒకటున్నది.

సర్ జాన్ మాల్కం అనే బ్రిటిష్ సేనాధికారి మాళవదేశంలో పెద్దలనడిగి తెలుసుకొన్న సంగతులను 1823లో గ్రంథంగా ప్రకటించాడు. అందులో ఉన్న కథ ఇది. మాలేరావు ఒక అల్లికపనివాణ్ణి దాసీతో సంబంధమున్నదని అనుమానించి చంపించాడు. తరువాత అతడు నిర్దోషి అని తేలింది. పశ్చాత్తాపంతో మాలేరావుకు మతి చలించింది. చచ్చినవాడే పిశాచమై పట్టుకొన్నాడని అందరూ నమ్మారు, తల్లీ నమ్మింది. పగలంతా కొడుకు మంచం ప్రక్కన కూర్చుండి, కొడుకు నోటినుండి వెలువడే ఆ మృతుని మాటలు వింటూ, బదులు పలుకుతూ, రాత్రులు ప్రార్థనలో గడిపింది. నా బిడ్డను విడిచిపెడితే నీకు గుడి కట్టిస్తాను, నీ కుటుంబానికి భూములిస్తాను అని వేడుకొన్నది. ఒప్పుకోలేదు. నిరపరాధినైన నన్ను చంపాడు కనుక వీని ప్రాణమే కావాలన్నదట ఆ కంఠం. 1767లో మాలేరావు మరణించాడు.

అది ప్రేతమా, పాపభీతితో చెదిరిన మనస్సా అని మీరు నన్ను అడగవచ్చు. నాకు ఆ చర్చ కంటె ఆ తల్లి మాటే ముఖ్యంగా తోస్తుంది. రాచబిడ్డను పట్టిన పిశాచాన్ని ఆమె శపించలేదు. చచ్చినవానికి తమ ఇంటిమీద బాకీ ఉన్నదని ఒప్పుకొని, తీరుస్తానన్నది. బాకీ తీర్చే అవకాశం అప్పుడు దొరకలేదు. తరువాతి ఇరవై ఎనిమిదేళ్ళ ఆమె జీవితాన్ని నేను ఆ మంచం ప్రక్కనుండే చూస్తాను.

దత్తత తెచ్చి రాజ్యం వారి చేతిలో పెట్టి తప్పుకొమ్మన్న మంత్రుల సలహాను త్రోసి ఆమె తానే పరిపాలనకు పూనుకొన్నది. సైన్యాన్ని తుకోజీరావు హోల్కర్‌కు అప్పగించి, నర్మదాతీరాన మహేశ్వరంలో నివసించింది. రాజ్యం శంకరునిదని, ఆజ్ఞలు ఆయన పేరిట వెలువడేవి. ఆమె పాలనాదక్షతను గురించి వ్రాసినవారు ఎందరో ఉన్నారు, అది వారికి విడిచిపెడుతున్నాను. ఖాసగీ అనే తన సొంత ఆదాయంనుండి ఆమె చేసిన దేవాలయ కైంకర్యమే మన సంచికకు సంబంధించినది. 1669లో ధ్వంసమైన కాశీ విశ్వేశ్వరాలయానికి చేరువలో 1780లో ఇప్పుడు మనం దర్శించే ఆలయాన్ని కట్టించింది. 1783లో సోమనాథ క్షేత్రంలో, శిథిలాలయానికి కొద్ది దూరంలో, స్వామికి వేరొక గుడి నిర్మించింది. దక్షిణాది దేవాలయాలలో అభిషేకానికి గంగాజలం క్రమం తప్పక పంపేదని మాల్కం వ్రాశాడు.

1787లో గయా క్షేత్రంలో విష్ణుపాద ఆలయం నిర్మాణమైంది. అక్కడికి వెళ్ళినవారికి తెలుసు. అది ఉత్సవాల కోసం వెళ్ళే గుడి కాదు. మూలమూర్తి స్థానంలో శిలమీద సుమారు నలభై సెంటీమీటర్ల పొడవున స్వామి పాదం, దాని చుట్టూ వెండి తొడుగుగల ఎనిమిది కోణాల తొట్టి. పోయినవారి పేరు చెప్పి ఆ పాదంమీదనే పిండం పెట్టాలి. తండ్రికి, తాతకు, ముత్తాతకు పెట్టిన తరువాత తల్లికి మాతృషోడశి అని పదహారు పిండాలు వేరుగా ఉన్నాయి. గర్భంలో మోసిన నెలలనుండి ఆమె పడిన ఒక్కొక్క కష్టాన్ని తలచి ఒక్కొక్క పిండం. నలభై ఏళ్ళుగా పౌరోహిత్యం చేస్తున్న నేను కూడ ఆ ఘట్టంలో కంఠం సరిచేసుకోక తప్పదు. భర్తను, మామను, కొడుకును అప్పటికే పోగొట్టుకొన్న ఒక స్త్రీ ఆ పాదంమీద నల్లని రాతి స్తంభాలు నిలిపి, ఎవరి ఇంట ఎవరు పోయినా వచ్చి పేరుపెట్టి పిలుచుకొనే చోటుకు నీడ కల్పించిందని, అక్కడ పిండం పెట్టేవారిలో ఎందరికి తెలుసు?

ఆ నీడ కల్పించినందుకు దుఃఖం ఆమెను వదలలేదు. ఈ మాట దాచి చెప్పడం నాకు ఇష్టంలేదు. గుడి పూర్తి అయిన నాలుగేళ్ళలోపే కూతురి కొడుకు మరణించాడు. 1791లో అల్లుడు యశ్వంతరావు ఫణసే పోయాడు. కూతురు ముక్తాబాయి సహగమనం చేస్తానన్నది. అహల్యాబాయి రాణినన్న మాట మరచి కూతురి కాళ్ళమీద పడింది, ఒంటరిదాన్ని చేయవద్దన్నది. ఒకనాడు మామగారి కన్నీరు తనను ఆపింది. తన కన్నీరు కూతురిని ఆపలేకపోయింది. నర్మద ఒడ్డున ఆ చితి మండుతుంటే ఇద్దరు బ్రాహ్మణులు ఆమెను పట్టుకొని నిలబడ్డారని, మూడు రోజులు అన్నపానాలు ముట్టలేదని, నోట మాట లేదని మాల్కం వ్రాశాడు. తరువాత లేచి, పోయినవారికి ఒక స్మారకం కట్టించే పనికి పూనుకొన్నదట. ఆమెకు దుఃఖంలో తెలిసిన పని అదే.

1795 ఆగస్టు 13వ తేదీన, డెబ్బయి ఏళ్ళ వయసున, అహల్యాబాయి మహేశ్వరంలో పరమపదించింది. కడుపున పుట్టిన ఇద్దరూ, కూతురి కొడుకూ ఆమెకంటె ముందే వెళ్ళిపోయారు.

1997లో మన ప్రాంతపు యాత్రికులను తీసుకొని నేను గయకు వెళ్ళాను. ఫల్గుణీ నది అప్పుడు అంతర్వాహిని. ఇసుక తవ్వి, ఊరిన చెలమ నీటితో స్నానం చేశాం. 2022లో రబ్బరు ఆనకట్ట కట్టిన తరువాత విష్ణుపాదం వద్ద నీరు నిలుస్తున్నది. మా వాళ్ళందరి పిండాలు అయ్యాక ధర్మపిండాల వంతు వచ్చింది. స్నేహితులకు, సేవకులకు, పెట్టే దిక్కులేనివారికి, పేరైనా తెలియనివారికి పెట్టేవి అవి. ఒక ముద్ద ఎక్కువగా కలిపి అహల్యాబాయి పేరు చెప్పాను. ప్రక్కన కర్మ చేయిస్తున్న గయావళీ బ్రాహ్మణుడు తలెత్తి చూసి గోత్రమేమిటన్నాడు. నాకు తెలియదు. గోత్రం తెలియనివారికి చెప్పే ఆచారం ప్రకారం కాశ్యప అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, తానే దర్భ సరిచేసి నీళ్ళు విడిపించాడు.

మీలో గయకు వెళ్ళేవారుంటే, మీ వాళ్ళకు పెట్టడం ముగిసి చేతిలో ఇంకా కొంత అన్నం మిగిలిన సమయంలో ఆమెను తలచుకోండి. గోత్రం అడిగితే కాశ్యప అనే చెప్పండి.