మట్టిలోంచి మందు తీయించిన మన సుబ్బారావు



తొలకరి పడగానే మన చందర్లపాడు చేలల్లోంచి వచ్చే కమ్మని వాసన మీకు తెలుసు కదా! దానికి ముఖ్య కారణం మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా. ఆ జాతి బ్యాక్టీరియా నుంచే ప్రాణాలు నిలిపే మందు తీయించిన తెలుగువాడు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఈ నెల ఆయన కథ మీ పిల్లలకు చెప్పండి.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. స్ప్రూ అనే జబ్బు ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాలో తీసుకుపోయింది.

1923లో అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందైంది.

ఆయన పర్యవేక్షణలోనే, 70 ఏళ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ ఎన్నో చోట్ల మట్టిని పరీక్షించి, మిస్సోరీలోని ఒక పొలం మట్టిలో ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ రకం మందుల్లో ఇదే మొదటిది. 1948లో బయటికొచ్చింది.

ఇక్కడో వింత ఉంది. ట్రకోమా అనే కంటి జబ్బు తెచ్చే క్రిమిని ఆ రోజుల్లో పెద్ద వైరస్ అనుకునేవారు. యాంటీబయాటిక్స్ వైరస్‌లను ఏమీ చేయలేవు. ఆరియోమైసిన్ మాత్రం ఈ క్రిమిని అణచింది! అది అసలు బ్యాక్టీరియానే అని 1960ల్లో ఖాయమైంది. దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. 1992లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫోర్డ్‌లో నీటి అమీబాలో దొరికిన ఒకదాన్ని బ్యాక్టీరియా అనుకున్నారు. 2003లో చూస్తే అది జెయింట్ వైరస్!

పైకి కనిపించేదాన్ని బట్టి పేరు పెట్టేస్తే సైన్సుకే పొరపాటు తప్పలేదు. మరి మార్కులు చూసి మన పిల్లలకు మనం పెట్టే పేర్ల మాటేమిటి? సుబ్బారావు రెండుసార్లు తప్పినా, మూడోసారి పరీక్షకు కూర్చునే అవకాశం దొరికింది. అదే లేకపోతే ఈ మందులకు ఆయన తోడ్పాటు ఉండేది కాదు.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో కన్నుమూశారు. మళ్లీ మన దేశం చూడనేలేదు. తర్వాత ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు.

ఈసారి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టే ముందు, దయచేసి ఆ మూడో ప్రయత్నాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి.