డాక్టర్ ఎడ్వర్డ్ లారీ

1847లో ఎడింబరో నగరమున సింప్సన్ అను వైద్యుడు, క్లోరోఫారముయొక్క ఆవిరిని పీల్చినవారు నొప్పి తెలియక నిద్రింతురని లోకమునకు చాటెను. రోగులకు కత్తి భయము తీరినది. కాని మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో కాలిగోరు తీయించుకొనుటకై ఆ మందు పీల్చిన పదునైదేండ్ల బాలిక నిమిషములలో మరణించెను. అట్టి మరణములు పెక్కు జరిగెను. బాధను మాన్పు మందే ప్రాణము నేల హరించుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన వారిలో హైదరాబాదునందు పనిచేసిన ఎడ్వర్డ్ లారీ ప్రసిద్ధుడు.

లారీ 1846లో జన్మించెను. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించి, లాహోరులో కొంతకాలము పనిచేసి, 1885లో హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగా వచ్చెను. ఇచ్చటి వైద్యపాఠశాలకు ఆయనయే అధిపతి. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ, మత్తుమందు నిచ్చుటయందు ఆరితేరిన తొలి మహిళలలో ఒకరుగా పేరొందెను.

మందు నిచ్చునపుడు రోగి నాడిని చూడవలెనని లండను వైద్యులును, ఊపిరిని చూడవలెనని ఎడింబరో వైద్యులును వాదించుచుండిరి. లారీ రెండవ పక్షమువాడు. వాదముతో తృప్తి నొందక 1888లో జంతువులపై పరీక్షలు జరిపించెను. లండనులోని లాన్సెట్ అను వైద్యపత్రిక వాని ఫలితములను శంకించెను. అంతట నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులొసగి, ఆ పత్రిక ప్రతినిధినే రప్పించెను. 1889లో బ్రంటన్ అను శాస్త్రజ్ఞుడు వచ్చి పరీక్షలలో పాల్గొనెను. నాలుగువందలకు పైబడిన జంతువులపై పరీక్షలు జరిగెను. శ్వాస ముందు ఆగి, గుండె పిదప ఆగునని తేలినది. రోగి ఊపిరిని ఎడతెగక కనిపెట్టవలెనను హెచ్చరిక వైద్యలోకమునకు అందినది.

అయినను మరణములు పూర్తిగా మానలేదు. 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు, మత్తు కొద్దిగా ఎక్కిన దశలోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని పిల్లులపై పరీక్షించి చూపెను. లారీ చూచినది అసత్యము కాదు. కాని గుండెకు భయమే లేదని ఆయన చేసిన నిర్ణయము సాక్ష్యమును మించినది. తన అభిప్రాయమును విడువకయే ఆయన 1915లో మరణించెను. కాలక్రమమున వైద్యులు క్లోరోఫారమును మాని, అంతకంటె మేలైన మందులను చేపట్టిరి.

ఊహకంటె పరీక్ష గొప్పది. ఒక పరీక్ష ఫలితమును మరల మరల పరీక్షించుట అంతకంటె గొప్పది. వేలమంది ప్రాణములు ఒక నియమముపై ఆధారపడియున్నపుడు ఈ సత్యమును మరువరాదు.