ఫ్లారెన్సు నైటింగేలు దొరసాని



నర్సు పని నేర్చిన మన ఆడబిడ్డల యిండ్లలో, చేత దీపము పట్టుకొని నిలిచిన ఒక దొరసాని పటము తరచుగా కనబడును. ఆమె పేరు చాలమంది ఎరుగుదురు గాని, ఆ దీపము చుట్టు ఎంత చీకటి యుండెనో కొద్దిమందే ఎరుగుదురు.

ఫ్లారెన్సు నైటింగేలు 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్సు పట్టణమందు జన్మించెను. ఊరి పేరే బిడ్డకు పెట్టిరి. తల్లిదండ్రులు ఇంగ్లాండులో బాగుగా కలిగినవారు. 1837 ఫిబ్రవరిలో, 16 ఏండ్ల వయస్సున, దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె గ్రహించెను. ఆ సేవ రోగుల పరిచర్యయే అని తేలుటకు కొన్ని యేండ్లు, ఇంటివారు ఒప్పుకొనుటకు మరి కొన్ని యేండ్లు పట్టెను. ఆ కాలమున ఆసుపత్రి పనికత్తెలకు త్రాగుబోతులను చెడ్డపేరు ఉండెను గనుక తల్లిని పూర్తిగా తప్పుపట్టలేము. అట్టి పనికి కుమార్తెను పంపుమనిన మనలో ఎవరు పంపుదుము? 1851లో ఆమె జర్మనీకి పోయి, రైను నది యొడ్డున కైజర్స్‌వెర్తులో ఫ్లీడ్నరు అను లూథరను పాస్టరుగారు నడుపుచున్న డీకనెస్సుల ఆశ్రమమందు సుమారు మూడు నెలలు పని నేర్చుకొనెను.

1854లో బ్రిటిషువారును ఫ్రెంచివారును తురుష్కుల పక్షమున రష్యాతో యుద్ధము చేయుచుండగా, గాయపడిన సిపాయిలు దిక్కులేక చచ్చుచున్నారని లండను పత్రికలో వార్తలు వచ్చెను. మంత్రియైన సిడ్నీ హెర్బర్టు ఈమెను వేడుకొనెను. అక్టోబరు 21న 38 మంది నర్సులతో బయలుదేరి, నవంబరు 4న కాన్‌స్టాంటినోపిలు కెదురుగా ఆవలి యొడ్డుననున్న స్కుటారి చేరెను. ఆ 38 మందిలో 10 మంది రోమను కతోలిక కన్యాస్త్రీలు, 14 మంది ఇంగ్లీషు సంఘపు సిస్టర్లు, మిగిలినవారు జీతపు నర్సులు. వీరి మధ్య మతశాఖల తగవులు పుట్టెను. చావు మంచముల ప్రక్కను గూడ క్రైస్తవులు ఈ తగవు మానలేదని వ్రాయుటకు నాకు సిగ్గుగా నున్నది.

మొదట డాక్టర్లు వారిని వార్డులలోనికి రానియ్యలేదు. ఆమె వాదులాడక, తన స్త్రీలచేత గుడ్డలు కుట్టించుచు కాచుకొని యుండెను. ఇంతలో ఇంకర్మాను యుద్ధము జరిగి, ఓడలనిండ క్షతగాత్రులు వచ్చిరి. అప్పుడు డాక్టర్లే పిలిచిరి.

ఆ ఆసుపత్రి తురుష్కుల పాత సైనికశాల. పేలు, ఎలుకలు, రక్తముతో గట్టిపడిన చొక్కాలు, వరండాల పొడవునను నేలమీద రోగులు. ఆమె ఒక యిల్లు బాడుగకు తీసికొని, కాగులు పెట్టించి, సిపాయిల భార్యలచేత బట్టలు ఉతికించెను. రాత్రి 8 గంటల తరువాత వేరొక స్త్రీని వార్డులోనికి పోనియ్యక, తానే లాంతరు పట్టుకొని తిరుగుచుండెను. పటములలోని ప్రమిదవంటి దీపము కాదు, తురుష్కుల మడత లాంతరు. చనిపోయినవారి తల్లులకు తానే ఉత్తరములు వ్రాసెను. సిపాయికి డబ్బిచ్చిన త్రాగివేయునని అధికారులనగా, ఇంటికి పంపు మార్గము ఆమె ఏర్పరచెను. వేలకొలది పౌనులు భార్యాబిడ్డలకు చేరెను.

అయినను చావులు తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో అవి నూటికి 42 వరకు పోయెను. గాయములకంటె విరేచనములు, కలరా, జ్వరము ఎక్కువమందిని చంపెను. మార్చిలో ఇంగ్లాండునుండి ఆరోగ్య కమిషనువారు వచ్చి, కట్టడము క్రింద పూడిపోయిన మురుగు కాలువలు కడిగించి, మంచినీటి దారి శుభ్రము చేయించి, గాలి వచ్చునట్లు చేయగా, జూను నాటికి నూటికి ఇద్దరు, ముగ్గురు మాత్రమే చనిపోవుచుండిరి.

మంచి ఆహారము, బట్టలు లేకనే సిపాయిలు చచ్చిరని ఆమె అక్కడ నున్నంతకాలము నమ్మెను. 1856లో ఇంటికి వచ్చిన తరువాత, ఫార్ అను గణాంకవేత్తతో కూర్చుండి లెక్కలు చూడగా, తాను రాత్రింబగళ్లు కాచిన ఆసుపత్రిలోనే అన్నిటికంటె ఎక్కువమంది చనిపోయిరనియు, ఆ మురికియే వారిని చంపెననియు తేలెను. దేశమంతయు ఆమెను దేవదూతగా పొగడుచున్న దినములవి. ఆమె కోరినయెడల ఊరకుండవచ్చును. ఊరకుండలేదు, ఆ చావుల లెక్కను రంగుల పటములుగా గీయించి ప్రభుత్వము ఎదుట పెట్టెను. 1857లో ఆరోగ్యము చెడి, అనేక సంవత్సరములు చాలవరకు మంచముననే యుండెను.

మంచముమీదనుండియే పని సాగెను. 1860లో లండనులోని సెంటు తామసు ఆసుపత్రిలో నర్సుల పాఠశాల తెరువబడెను. మన దేశమందలి బ్రిటిషు సిపాయిలు వెయ్యిమందికి ఏటా 69 మంది చచ్చుచుండగా, ఆ పాళెముల నీళ్లు, మురుగు కాలువల సంగతి విచారించెను. మన దేశమునకు ఎన్నడును రాకపోయినను మన పల్లెల కరవులు ఆమెను కలచెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన కాటను దొరగారు కాలువలకొరకు పోరాడినప్పుడు ఆయన పక్షమున వ్రాసినవారిలో ఈమెయు ఒకతె. గోదావరి కాలువక్రింద వరి పండించు మనవారు ఈ సంగతి తెలిసికొనదగినది.

1910 ఆగస్టు 13న, 90 ఏండ్ల వయస్సున ఆమె నిద్రించెను. రాజుల సమాధులున్న వెస్టుమినిస్టరు దేవాలయములో స్థలమిత్తుమనిరి గాని ఆమె యింటివారు వద్దనిరి. తన వారి ప్రక్కనే, పల్లెటూరి గుడి ఆవరణలో ఆమెను పాతిపెట్టిరి. రాతిమీద ఆమె పేరు లేదు. పేరుయొక్క రెండు పొడి అక్షరములు, పుట్టిన, పోయిన కాలములు మాత్రము చెక్కబడి యున్నవి.