మంద్రస్వర సాధకుడు – చార్లెస్ మింగస్

పాశ్చాత్య తంత్రీవాద్యాలలో డబుల్ బాస్ భారీకాయం కలది. మనిషి నిలువెత్తు ఉండే ఆ వాద్యం, మన కచేరీలలో తంబురా వలె, చిరకాలం వెనుకనే నిలిచి తక్కిన వాద్యాలకు ఆధారమైన మంద్రస్వరాలను పలుకుతూ వచ్చింది. జాజ్ సంగీతంలో దానికి వాక్కునిచ్చిన వాదకులలోను, స్వరకర్తలలోను చార్లెస్ మింగస్ అగ్రగణ్యుడు.

ఆయన 1922 ఏప్రిల్ 22న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, నొగాలెస్ పట్టణంలో జన్మించాడు. లాస్ ఏంజిలిస్ నగరంలోని వాట్స్ ప్రాంతంలో పెరిగాడు. చర్చిలో విన్న భక్తిగీతాలు, రేడియోలో విన్న డ్యూక్ ఎల్లింగ్టన్ సంగీతం ఆ బాలుని హృదయంపై చెరగని ముద్ర వేశాయి. ట్రాంబోన్‌తో ప్రారంభించి చెల్లో వాద్యాన్ని అభ్యసించాడు. కాని సింఫనీ బృందాలలో నల్లజాతివారికి ఆనాడు ప్రవేశం దుర్లభం. ప్రతిభ కాక శరీరవర్ణమే అర్హతను నిర్ణయించిన కాలమది! అందుచేత చెల్లోను విడిచి డబుల్ బాస్ చేపట్టాడు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ బృందంలో పనిచేసిన హెర్మన్ రైన్‌షాగెన్ వద్ద ఐదేళ్ళు కఠోర సాధన చేశాడు.

1950 దశకంలో న్యూయార్క్‌లో ‘జాజ్ వర్క్‌షాప్’ పేరిట బృందాన్ని నడిపాడు. అందులో తన రచనలను కాగితంపై వ్రాసి ఇచ్చుటకంటె, పియానోపై వాయించి, పాడి వినిపించి నేర్పుటకే మొగ్గుచూపాడు. గురుముఖతః విద్య గ్రహించే మన సంప్రదాయం ఎరిగినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

1957లో అర్కాన్సాస్ గవర్నర్ ఆర్వల్ ఫాబస్, లిటిల్ రాక్ నగరంలోని ఉన్నత పాఠశాలలో తొమ్మిదిమంది నల్లజాతి విద్యార్థులను అడుగిడనీయక సాయుధ దళాలను మోహరించాడు. మింగస్ ఆగ్రహం ‘ఫేబుల్స్ ఆఫ్ ఫాబస్’ అనే రచనగా రూపుదాల్చింది. 1959లో కొలంబియా సంస్థ రికార్డులో అది మాటలు లేకుండా వెలువడింది. 1960లో కాండిడ్ అనే చిన్న సంస్థకై, గవర్నర్‌ను పేరుపెట్టి పరిహసించే మాటలతో దానిని మరల ధ్వనిముద్రించాడు.

ఆయన కోపం అన్నివేళలా ధర్మాగ్రహం కాదు. 1962లో తన బృందంలోని ట్రాంబోన్ వాదకుని ముఖంపై కొట్టి, పన్ను విరుగగొట్టాడు. ఊది వాయించేవానికి అది జీవనాధారంపై పడిన దెబ్బ. ప్రతిభ పేరిట దీనిని మన్నించలేము.

1977లో నాడీకణాలను క్షీణింపజేసే అసాధ్యవ్యాధి సోకినట్లు వైద్యులు నిర్ధారించారు. క్రమంగా చేతులు చచ్చుబడి, చక్రాల కుర్చీకి పరిమితమైనాడు. అయినను స్వరరచన మానలేదు. టేప్ రికార్డరులోనికి రాగాలను పాడి వినిపించాడు. 1979 జనవరి 5న మెక్సికోలోని కువెర్నవాకాలో, యాభైయారేళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు భార్య సూ భారతదేశానికి వచ్చి, చితాభస్మాన్ని గంగానదిలో కలిపింది.

మరణానంతరం ఆయన కాగితాలలో ‘ఎపిటాఫ్’ అనే బృహద్రచన లభించింది. 1989లో న్యూయార్క్‌లో గుంథర్ షుల్లర్ నిర్వహణలో సుమారు ముప్పైమంది వాదకులు రెండు గంటలకు పైగా దానిని వినిపించారు.