విప్పి చూసిన మనిషి: జి.డి. నాయుడు

కోయంబత్తూరులో గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అని పేరున్న ఇంజనీరింగ్ కాలేజీ ఒకటుంది. అది 1945లో, అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరుతో మొదలైంది. మొదట్లో దానికి ప్రిన్సిపాల్‌గా ఉన్నాయన బడికి పోయింది మూడో తరగతి దాకానే. బీటెక్ లేదు, డిప్లొమా లేదు, టెన్త్ సర్టిఫికెట్ కూడా లేదు. పైగా ఆయన మనలాగే తెలుగు ఇంట్లో పుట్టినాయన. పేరు జి.డి. నాయుడు.

గొప్పవాళ్ల జీవితాలు రాయాలంటే మనం మామూలుగా కలాం గారినో, విశ్వేశ్వరయ్య గారినో ఎంచుకుంటాం. నేను నాయుడు గారిని ఎంచుకోవడానికి కారణం ఒక కారు సర్వీస్ బిల్లు. ఆ సంగతి మధ్యలో చెప్తాను. ముందు ఆయన కథ చూద్దాం.

పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. విజయనగర రాజులు, నాయక రాజుల కాలంలో మన వైపు నుంచి దక్షిణానికి పోయి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలు తమిళనాడులో చాలా ఉన్నాయి. ఆ ఇళ్లల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది, కాకపోతే మన చెవికి సగం తమిళం లాగా ఉంటుంది. నాయుడు గారిది అలాంటి ఇల్లే. చిన్నతనంలోనే తల్లి పోయింది. బడి అంటే ఆయనకి అస్సలు పడలేదు. అయ్యవార్ల కళ్లల్లో ఇసుక కొట్టి పారిపోయేవారని కూడా చెప్తారు. చివరికి ఇంట్లోవాళ్లు విసిగిపోయి బడి మాన్పించి పొలం పనికి పంపించారు.

ఆయన జీవితాన్ని మార్చింది ఒక మోటార్ సైకిల్. ఒక ఇంగ్లీషు అధికారి రడ్జ్ కంపెనీ బండి మీద ఆ పల్లెల్లోకి వచ్చాడు. ఎద్దులు లేకుండా, గుర్రం లేకుండా తనంతట తాను పోయే బండిని నాయుడు గారు చూడటం అదే మొదలు. ఈ కథని రకరకాలుగా చెప్తారు గానీ, తర్వాత జరిగిన దాంట్లో మాత్రం అందరూ ఒకే మాట మీద ఉంటారు. ఆ బండి కోసం ఆయన ఊరు వదిలి కోయంబత్తూరు పోయారు. హోటల్లో సర్వర్‌గా చేరారు. ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టి, ఆ అధికారి దగ్గరికే పోయి, సుమారు మూడు వందల రూపాయలు ఇచ్చి బండి కొనుక్కున్నారు.

కొన్నాక ఎవరైనా ఏం చేస్తారు? ఊరంతా తిరుగుతారు. నాయుడు గారు మాత్రం దాన్ని పూర్తిగా విప్పేశారు. ఆ కాలం రడ్జ్ బండ్లకి ఒకటే సిలిండర్, వెనక చక్రానికి బెల్టు. నేర్పేవాళ్లు లేరు, యూట్యూబ్ లేదు, ఇంగ్లీషు మాన్యువల్ చదివే చదువూ లేదు. ఏ పార్టు ఎక్కడి నుంచి వచ్చిందో, అది ఏం పని చేస్తుందో చూసుకుంటూ విప్పి, మళ్లీ బిగించి నడిపారు. ఆయన ఇంజనీరింగ్ చదువు అంతే. మూడు వందల ఫీజు, ఒక బండి.

ఆ తర్వాత దారి నేరుగా ఏం సాగలేదు. కొంతకాలం మెకానిక్‌గా పని చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పత్తి వ్యాపారంలో దిగి బాగా సంపాదించారు. అదే పత్తిని నమ్ముకుని బొంబాయి పోయి అక్కడ పోగొట్టుకున్నారు. మళ్లీ కోయంబత్తూరు చేరి, ఖాళీ చేతులతో మోటార్ల దగ్గరికే వచ్చారు. స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి సాయంతో 1920లో ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి నుంచి పళని దాకా రూటు. డ్రైవరు ఆయనే.

ఒక్క బస్సు ఉన్నవాడి లెక్క ఎలా ఉంటుందో ఆలోచించండి. బస్సు తిరిగితేనే డబ్బు. ఆ రోజుల్లో బండ్లూ, పార్టులూ ఓడల్లో రావాల్సిందే. రోడ్లు మట్టివి. ఏదైనా విరిగితే కంపెనీ మనిషి వచ్చేదాకా బస్సు ఆగిపోతే ఆ వారం ఆదాయం పోయినట్టే. అందుకే రిపేరు సొంతంగా చేసుకోవడం ఆయనకి సరదా పని కాదు, బతుకుతెరువు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. జనం యూఎంఎస్ అనేవారు. కొన్నేళ్లకే దేశంలో బాగా నడిచే బస్సు సర్వీసుల్లో ఒకటిగా దానికి పేరొచ్చింది. బండి లోపల ఏముందో తెలిసిన మనిషి దాని ఓనరు కావడం ఆ పేరుకి ఒక పెద్ద కారణమని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మా బిల్లు సంగతి. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా నాయనకి ఒక పాత కారు ఉంది, పెట్రోలుది. పోయిన వేసవిలో దాన్ని ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌కి తీసుకుపోయాం. సాయంత్రానికి బిల్లు చేతిలో పెట్టారు. అందులో పద్నాలుగు లైన్లు ఉన్నాయి. మాకు అర్థమైనవి మూడు: ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, వాషింగ్. మిగతా పదకొండూ ఏదో క్లీనింగ్, ఏదో ట్రీట్‌మెంట్, ఏదో చెకప్. మా ఇంట్లో ఒక నెల పాల డబ్బులు ఆ కాగితంలో పోయినాయి. వాళ్లు మోసం చేశారని నేను అనడం లేదు. అవన్నీ నిజంగా అవసరమేమో కూడా. కానీ అవసరమా కాదా అని అడగడానికి మా దగ్గర మాటలే లేవు. నాయన నా వైపు చూశాడు. ఇంజనీరింగ్ చదువుతున్నావు కదా అన్నట్టు ఉంది ఆ చూపు.

ఇంటికొచ్చి డ్యాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పని ఓనర్స్ మాన్యువల్ తీసి చదివాను. ఎంత చదవొచ్చో చూసి నాకే ఆశ్చర్యం వేసింది. మన ప్రాంతానికి సంబంధించిన ముక్క కూడా అందులోనే ఉంది. దుమ్ము ఎక్కువ ఉండే చోట తిరిగే కార్లకి ఎయిర్ ఫిల్టర్ మామూలు కంటే ముందే చూసుకోవాలట. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల రోడ్డు, బేతంచెర్ల నాపరాళ్ల దుమ్ము తెలిసినవాళ్లకి దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. మా కారులో ఆ ఫిల్టర్ డబ్బాకి నాలుగు క్లిప్పులే. పానా కూడా అక్కర్లేదు. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే ఇంజిన్‌కి గాలి అందదు, పికప్ తగ్గుతుంది.

అప్పటి నుంచి కొన్ని పనులు ఇంట్లోనే చేసుకుంటున్నాం. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ లెవెల్ చూడటం. టైర్లలో గాలి కూడా తిరగకముందే చూసుకోవడం, ఎందుకంటే వేడెక్కాక రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పడితే తుడవడం. కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు కాకుండా కూలెంటే పోయడం. మన బోరు నీళ్లతో బకెట్టుకే తెల్ల పొర కడుతుంది, ఇంక రేడియేటర్ లోపల కట్టదా? ఇంజిన్ వేడిగా ఉండగా మాత్రం ఆ మూత ముట్టుకోకూడదు, మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి.

బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్ బ్యాగ్ జోలికి మేం పోం. ఒక్క జాకీ మీద నిలబెట్టిన కారు కిందికి దూరం. ఆయిల్ మార్పించడం ఊళ్లో మెకానిక్ అన్న దగ్గరే, ఎందుకంటే తీసిన పాత ఆయిల్‌ని మురిక్కాలవలో పోయకూడదు. వారంటీలో ఉన్న కొత్త కారైతే కంపెనీ సర్వీసు రికార్డు ఉండటమే మంచిది. అంటే డబ్బులు కట్టడం మానేయలేదు. దేనికి కడుతున్నామో తెలుసుకుని కడుతున్నాం.

నాయుడు గారి మిగతా జీవితం చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఆయన అన్నీ ఒంటరిగా చేసుకున్న మనిషి కాదు. తనకి రానిది తెలిసినవాళ్లతో చేతులు కలిపారు. డి. బాలసుందరం నాయుడితో కలిసి పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో 1937లో ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దాన్ని చెప్తారు. యూరప్ పోయి అక్కడి ఫ్యాక్టరీలు చూసొచ్చారు, జర్మనీ మిషన్లు తెచ్చుకున్నారు. డ్రై సెల్స్‌తో నడిచే రసాంత్ అనే షేవింగ్ రేజర్, బాగా పల్చటి బ్లేడు, పండ్ల రసం తీసే మిషను, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసం చేయడానికి వీల్లేని ఓటింగ్ మిషను, ఇలా చాలా చేశారు. పత్తి, బొప్పాయి మొక్కల మీద కూడా ప్రయోగాలు చేశారు. ఆయనకి యంత్రమైనా మొక్కైనా ఒకటే, లోపల ఎలా పని చేస్తుందో చూడాలి.

1944లో బస్సుల వ్యాపారం నుంచి పక్కకి తప్పుకుని దానధర్మాల వైపు, చదువుల వైపు తిరిగారు. మొదట చెప్పిన కాలేజీ అలా వచ్చిందే. అయితే ప్రిన్సిపాల్‌గా ఆయన ఎక్కువ రోజులు లేరు. ఇంజనీరింగ్ నేర్పడానికి నాలుగేళ్లు అక్కర్లేదు, రెండేళ్లు చాలు, మిగతాది టైమ్ వేస్ట్ అన్నది ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసి బయటికి వచ్చేశారు.

ఇక్కడ నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. మ్యాథ్స్, థియరీ లేకుండా ఒక స్థాయి దాటి పోలేం. కానీ మూడేళ్లు చదివాక కూడా స్క్రూడ్రైవర్ పట్టుకోని మెకానికల్ వాళ్లు, సొంత ల్యాప్‌టాప్ ర్యామ్ మార్చడానికి షాపుకి పోయే సీఎస్ఈ వాళ్లు మన మధ్యే ఉన్నారు. ఆయన 1945లో గొడవ పడిన విషయం ఇంకా తేలలేదు.

1952లో ఆయన ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశారు. ఖర్చు సుమారు రెండు వేల రూపాయలు. అది పరిశ్రమలకి లైసెన్సులు కావాల్సిన కాలం. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు రోడ్ల మీదికి రాలేదు. లోపలి పని అంతా తెలిసినా, తయారు చేసే అనుమతి ఇంకొకరి చేతిలో ఉండిపోయింది.

ఇప్పుడు తాళం ఇంకో చోట ఉంది. ఇంజిన్‌ని నడిపించేది ఈసీయూ, అంటే సాఫ్ట్‌వేర్. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. స్పేర్ పార్టులు, తప్పు కనిపెట్టే డయాగ్నోస్టిక్ పరికరాలు బయటి మెకానిక్‌లకి దొరకనివ్వడం లేదన్నది ఒక ముఖ్య కారణం. కంపెనీలు అప్పీలుకి పోయాయి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. అంటే ఇది మా నాయన ఒక్కడి బాధ కాదు.

ఇందులో మనకీ పని ఉంది. ఇప్పటి కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ రీడర్ పెట్టి, పైథాన్‌లో కొన్ని లైన్లు రాస్తే కారు తన రోగం తానే చెప్తుంది. పి0300 అని కోడ్ వస్తే ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతోందని అర్థం. నాయుడు గారు ఈ రోజుల్లో ఉంటే ముందు విప్పేది ఇదేనేమో.

ఆయన 1974 జనవరి 4న కోయంబత్తూరులో చనిపోయారు. ఆ ఊళ్లో ఆయన పేరుతో మ్యూజియం ఉంది, పాత కార్ల మ్యూజియం కూడా ఉంది. అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కీ ఆయన పేరే పెట్టారు. తమిళనాడులో ఆయన తెలియనివాళ్లు తక్కువ. మన తెలుగువాళ్లకే ఎక్కువ తెలీదు.

చివరగా ఒక విన్నపం. మన మెకానికల్ వర్క్‌షాపులో ఏ బ్రాంచి వాళ్లైనా శనివారం మధ్యాహ్నాలు వచ్చి ఒక పాత బండి విప్పి బిగించుకోవడానికి అనుమతి అడుగుదామని ఒక అప్లికేషన్ రాశాను. పది సంతకాలు కావాలి. నాది కాకుండా ఇప్పటికి ఆరు వచ్చాయి. మిగతా మూడూ ఇది చదివినవాళ్లల్లో ఉంటే లైబ్రరీ దగ్గర కలవండి. ఈలోగా ఇంటికి పోయినప్పుడు మీ బండి మాన్యువల్ ఎక్కడుందో వెతకండి.