సత్యోపదేశ పాఠశాలల చార్లెస్ బొరోమియో

హైదరాబాదు నగరమునందలి కతోలిక విచారణలలో ఆదివారపు పూజ ముగిసిన పిమ్మట బాలబాలికలు తరగతులుగా కూర్చుండి సత్యోపదేశము నేర్చుకొందురు. హైటెక్ సిటీ పరిసరములలో వారమంతయు కంప్యూటరు ముందు పనిచేయు ఉద్యోగులలోనే కొందరు ఆనాడు ఉపాధ్యాయులగుదురు. వారికి జీతము లేదు. ఇట్టి బోధనకు నియమములు ఏర్పరచి, ఊరూర నిలబెట్టినవారిలో ముఖ్యుడు ఇటలీ దేశమందలి మిలాను నగర అగ్రపీఠాధిపతి చార్లెస్ బొరోమియో.

ఆయన 1538 అక్టోబరు 2వ తేదీన మజ్జోరె సరస్సు తీరమందున్న అరోనా కోటలో ప్రభువంశమున జన్మించెను. బాల్యముననే, ఆ కాలపు ఆచారము ననుసరించి, ఒక మఠముయొక్క ఆదాయము ఆయన పేర చేరెను. చదువునకు వలసినది పోగా మిగిలిన సొమ్ము బీదలదనియు, దానిని ఇంటి ఖర్చులలో కలుపరాదనియు ఆ బాలుడు తండ్రికి తెలియజేసెనట. మాటలో కొంత తడబాటుండుటచే పలువురు ఆయనను మందబుద్ధి యనుకొనిరి. అయినను పావియాలో న్యాయశాస్త్రము చదివి 1559లో డాక్టరు పట్టమందెను.

ఆ సంవత్సరాంతముననే మేనమామ నాలుగవ పయస్ పేర పోపు అయ్యెను. వెనువెంటనే, 1560లో, ఇరువదియొక్క యేండ్ల మేనల్లునికి కార్డినల్ పదవి లభించెను. ఇది బంధుత్వమువలన వచ్చిన పదవియే. దాచి చెప్పవలసిన పని లేదు. 1562లో అన్న ఫెదెరికో మరణించినప్పుడు వంశము నిలుపుటకై వివాహమాడుమని బంధువులు ఒత్తిడి చేసిరి. ఆయన 1563లో గురుపట్టము స్వీకరించి వారి ఆశను త్రెంచివేసెను. త్రెంతు మహాసభ ఆ యేడే ముగిసెను. దాని తీర్మానము ననుసరించి 1566లో వెలువడిన రోమను సత్యోపదేశ గ్రంథపు కూర్పును ఆయనయే పర్యవేక్షించెను.

1565లో ఆయన మిలానులో ప్రవేశించునాటికి సుమారు ఎనుబది యేండ్లుగా అచ్చట అగ్రపీఠాధిపతి నివసించి యుండలేదు. సామాన్యజనులలో పెక్కుమందికి ప్రార్థనలు సహితము సరిగా రావు. అయితే ఆయన రాకకు పూర్వమే, 1536లో, కస్తెల్లినో అను గురువు కొందరు గృహస్థులను కూడగట్టుకొని పండుగ దినములలో పిల్లలకు బోధించు పాఠశాలలను ఆరంభించి యుండెను. ఆపిలు పండ్లు ఇచ్చెదమని చెప్పి మొదటి పిల్లలను వీథినుండి పిలిచి తెచ్చిరని చెప్పుదురు. ఈ పని మొదలిడిన కీర్తి కస్తెల్లినోదే. చార్లెస్‌కు చెందవలసినది దానిని పెంచిన కీర్తి.

ప్రతి విచారణలోను ఇట్టి పాఠశాల యుండవలెనని ఆయన శాసించి, దానికి నియమావళి వ్రాయించెను. బోధకులలో అధికసంఖ్యాకులు గురువులు కారు, గృహస్థులు. బాలురకు పురుషులు, బాలికలకు స్త్రీలు వేరువేరుగా చెప్పిరి. వారిలో కొందరికి జాలరులని పేరు. వలవేసి చేపలను పట్టునట్లు వీథులలో ఆడుకొను పిల్లలను పాఠమునకు తోడ్కొని వచ్చుట వారి విధి. ప్రార్థనలతోబాటు చదువను వ్రాయను నేర్పుటయు ఉండెను. కనుక, వారమంతయు పనిలోనుండి వేరే బడికి పోజాలని బీదల బిడ్డలకు అక్షరము దొరికిన చోటు అదియే. ఆయన మరణించునాటికి ఆ మేత్రాసనమున 740 పాఠశాలలు, సుమారు 3,000 మంది బోధకులు, 40,000 మంది విద్యార్థులు ఉండిరని లెక్క.

సంస్కరణలు అందరికిని రుచింపలేదు. 1569 అక్టోబరు 26వ తేదీన సాయంప్రార్థనలో నున్న ఆయనపై, క్రమశిక్షణకు లోబడనొల్లని ఒక మఠసంఘమునకు చెందినవాడు తుపాకి కాల్చెను. గుండు వస్త్రములను తాకెనే గాని ప్రాణము తీయలేదు. నేరస్థులను క్షమింపుమని ఆయన వేడినను ప్రభుత్వము వారికి మరణశిక్ష అమలుచేసెను. 1576లో మహామారి వచ్చినప్పుడు గవర్నరు నగరము విడిచిపోగా ఆయన నిలిచెను. ఇంటి తెరలను కోయించి బీదలకు బట్టలు కుట్టించెను. ఇండ్లలో నిర్బంధింపబడినవారు కిటికీలనుండియే పూజ చూచునట్లు నాలుగుదారులు కలియుచోట్ల బలిపీఠములు నిలిపించెను.

ఆయన కాఠిన్యమును గూడ చెప్పవలెను. 1583లో ఆయన స్విట్జర్లాండులోని మెజోల్చినా లోయను సందర్శించినప్పుడు మంత్రగత్తెలను నెపమున కొందరు స్త్రీలు దహింపబడిరి. పిల్లలకొరకు అంత ఓర్పు చూపిన మనుష్యుని చరిత్రలో ఇదియు నున్నది.

నిరంతర ఉపవాసములచేతను ప్రయాణములచేతను శరీరము కృశించి, జ్వరపీడితుడై, 1584 నవంబరు 3వ తేదీ రాత్రి ఆయన మృతినొందెను. వయస్సు నలువదియారేండ్లు. 1610లో పునీతుడుగా ప్రకటింపబడెను. పినతండ్రి కుమారుడును, తరువాత మిలాను అగ్రపీఠాధిపతియు నైన మరియొక ఫెదెరికో 1609లో అంబ్రోసియానా గ్రంథాలయమును ప్రజలకు తెరచెను. ఐరోపాలో ఎవరైనను ప్రవేశించి చదువుకొనదగిన తొలి గ్రంథాలయములలో అది యొకటి.

మిలాను నగరమున 1850లో స్థాపితమైన మతప్రచార విద్యాలయమునుండి గురువులు హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. 1886లో హైదరాబాదు మేత్రాసనమేర్పడినప్పుడు వారిలోనివాడే, పియెత్రో కప్రోత్తి, తొలి పీఠాధిపతి అయ్యెను. 1905లో పదవ పయస్ పోపు ప్రతి విచారణలోను సత్యోపదేశ సంఘముండవలెనని ఉత్తరువు చేయగా, మిలాను పద్ధతి లోకమందలి విచారణలన్నింటికిని నియమమయ్యెను.